సెయిల్ బోటుకి కొత్త బ్యాటరీ: ఏది కొనాలి, ఎలా ఛార్జ్ చేయాలి

ముందే ఒక మాట. హుస్సేన్ సాగర్‌లో లేజర్లు, ఆప్టిమిస్ట్‌ల లాంటి చిన్న తెరచాప పడవలు తోలేవాళ్లకి ఈ గోలంతా అక్కర్లేదు, వాటికి గాలీ తెరచాపా ఉంటే చాలు. ఇది చిన్న క్యాబిన్ ఉన్న బోటు వాళ్లకి, గాలి పడిపోతే జెట్టీ దాకా రావడానికి వెనక ఎలక్ట్రిక్ మోటార్ తగిలించుకున్నోళ్లకి, ఇంకా ఇల్లు ఇక్కడ బోటు వైజాగ్‌లోనో గోవాలోనో పెట్టుకుని సెలవులకి పోయొచ్చేవాళ్లకి.

మామూలుగా ఏం చేస్తారంటే పాతది చచ్చిపోగానే రాణిగంజ్ పోయి అదే సైజుది ఇంకోటి తెచ్చి పెట్టేస్తారు, కొన్నాళ్లకి అదీ పోతది, ఇక కంపెనీని తిట్టుడు మొదలు. నేను చూసినంతలో బోటు బ్యాటరీలు వాటంతట అవి చావడం తక్కువ, సరిగ్గా ఛార్జ్ చేయక మనం చంపడమే ఎక్కువ. అందుకే ముందు మీకు ఛార్జింగ్ ఎక్కడ్నుంచి వస్తదో తేల్చుకోండి, బ్యాటరీ ఏ రకమో దాన్నిబట్టి అదే తేలిపోతది.

పాతది నిజంగా పోయిందా?

కొనే ముందు ఒక రాత్రి ఆగండి. పాతదాన్ని ఫుల్ ఛార్జ్ చేసి, వైర్లన్నీ పీకేసి, అట్లనే వదిలేసి పొద్దున మల్టీమీటర్ పెట్టి చూడండి. లెడ్ యాసిడ్ (సీసం ప్లేట్లు, యాసిడ్ ఉండే మామూలు రకం) అయితే 12.7 వోల్టుల దగ్గర ఉంటే ఫుల్ అన్నట్టు, 12.2 అంటే సగం, 12 కంటే కిందికి జారిందంటే రాత్రికి రాత్రే ఛార్జ్ తినేస్తుందని అర్థం. ఛార్జర్ తీసిన వెంటనే చూసే రీడింగ్‌ని నమ్మొద్దు, అది 13 పైన చూపించి మోసం చేస్తది.

వోల్టేజ్ బాగుంది కదా అని సంబరపడకండి, లోడ్ మీద నిలబడాలి. కారు హెడ్‌లైట్ బల్బు 55 వాట్లది ఒకటి తగిలించండి, అది నాలుగున్నర ఆంపియర్ల దాకా లాగుతది. 100 ఏహెచ్ (ఆంపియర్లని గంటలతో గుణిస్తే వచ్చే లెక్క, బ్యాటరీ కెపాసిటీ) బ్యాటరీ మంచిదైతే తొమ్మిది పది గంటలు వెలిగించినా సగం దగ్గరే ఉంటది. మూడు గంటలకే లైటు ఎర్రబడి వోల్టేజ్ 11.5కి వచ్చేసిందా, ఇక దాని పని అయిపోయింది. మూతలు ఊడే టైపు అయితే హైడ్రోమీటర్‌తో ఆరు సెల్లలోనూ గ్రావిటీ, అంటే యాసిడ్ చిక్కదనం, చూడండి, అయిదు సెల్లు 1.260 చూపించి ఒకటి మాత్రం 1.200 దగ్గర ఆగితే ఆ ఒక్క సెల్లు మొత్తాన్ని ముంచుతుంది, ఎవరెన్ని చిట్కాలు చెప్పినా అది లేవదు.

ఇక్కడే ఇంకో ముఖ్యమైన చెక్ ఉంది, చాలామంది దీన్ని దాటేస్తారు. మోటార్ నడుస్తుండగా మీటర్ ఒక పిన్ను బ్యాటరీ టెర్మినల్ సీసం మీద, ఇంకోటి ఆ టెర్మినల్‌కి బిగించిన లగ్గు (వైరు కొనకి వేసే లోహపు ముక్క) మీద పెట్టండి. సున్నాకి దగ్గర్లో ఉండాలి. అర వోల్టు చూపిస్తుందంటే తప్పు జాయింట్‌ది, బ్యాటరీది కాదు. ఆ లగ్గు దగ్గర వైరు తొడుగు ఒక అంగుళం కోసి చూడండి, రాగి తీగలు ఎర్రగా మెరవాల్సింది పోయి బొగ్గులాగా నల్లగా కనపడతాయి, వేళ్లతో నలిపితే నల్ల పొడి అంటుకుంటది. హుస్సేన్ సాగర్‌లో ఎండాకాలం లేచే ఆ కుళ్లిన గుడ్ల కంపు ఉంది చూడండి, అది హైడ్రోజన్ సల్ఫైడ్, రాగిని నల్లబరిచేది అదే. వైరు మంచి రాగి వచ్చేదాకా వెనక్కి కోసి, కొత్త లగ్గు వేసి, సరైన టూల్‌తో క్రింప్ చేయించి, పైన హీట్ ష్రింక్ స్లీవ్ వేయించండి. కొన్నిసార్లు ఇంతటితోనే కథ అయిపోతది, బ్యాటరీ డబ్బులు మిగులుతాయి.

ఒకవేళ రెండు బ్యాటరీలు ప్యారలల్‌లో (ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ కలిపి) ఉండి ఒకటే పోయిందంటే రెండూ మార్చాలి. పాతదాని పక్కన కొత్తది పెడితే పాతది కొత్తదాన్ని కిందికి గుంజుతనే ఉంటది.

ఎంత కావాలో లెక్క

కాగితం తీస్కుని బోటులో ఉన్న ప్రతిదానికీ ఆంపియర్లు, గంటలు రాయండి. వాట్లు మాత్రమే రాసుంటే 12తో భాగిస్తే సరి. తెరచాప స్తంభం మీద ఎల్ఈడీ లైటు 2 వాట్లది రాత్రంతా వెలిగినా రెండు ఏహెచ్ కూడా తినదు. ఫోన్లు, జీపీఎస్, రేడియో అన్నీ కలిపి రోజుకి పది పదిహేను. బిల్జ్ పంప్ (బోటు అడుగున చేరిన నీళ్లు తోడేది) నడిచినప్పుడు మూడు ఆంపియర్లు లాగుతది కానీ నడిచేది నిమిషాలే. గోవా బోటులో ఫ్రిజ్ ఉందా, లెక్క అక్కడ మారిపోతది, నాలుగైదు ఆంపియర్లు లాగుతూ రోజులో సగం సేపు నడిచే ఫ్రిజ్ ఒక్కటే 50 ఏహెచ్ మింగుతది.

మన సాగర్ బోటుకి ఇవేవీ లెక్కలోకి రావు, అంతా మోటారే. 55 పౌండ్ల థ్రస్ట్ (తోసే బలం) ఉన్న ట్రోలింగ్ మోటార్, అంటే ఆ వెనక తగిలించే చిన్న ఎలక్ట్రిక్ మోటార్, ఫుల్ స్పీడ్‌లో దాదాపు 50 ఆంపియర్లు లాగుతది. అయితే 100 ఏహెచ్ బ్యాటరీ రెండు గంటలు వస్తదని లెక్క కట్టేరు, రాదు. బ్యాటరీ మీద సీ20 అని రాసుంటది చూడండి, అంటే నూరు ఏహెచ్‌ని 20 గంటల్లో, 5 ఆంపియర్ల చొప్పున నిదానంగా తీస్తేనే నూరు వస్తదని. దాన్నే 50 చొప్పున గుంజితే నీళ్ల బ్యాటరీలో (మూతలు తీసి నీళ్లు పోసే లెడ్ యాసిడ్‌లో) మూడో వంతు నుంచి సగం దాకా అక్కడే ఆవిరైపోతది. పైగా లెడ్ యాసిడ్‌ని సగం కంటే కిందికి దించితే ఆయుష్షు తగ్గుతది. ఇవన్నీ పోను ఫుల్ స్పీడ్‌లో మీ చేతికొచ్చేది అరగంట, ఇంకొంచెం. అదే సగం స్పీడ్‌లో పోతే కరెంటు బాగా తగ్గి టైము చాలా పెరుగుతది, జెట్టీకి రావడానికి తొందరేముంది చెప్పండి.

సోలార్ బ్యాటరీల మీద సీ10 అని ఉంటది, పది గంటల లెక్క. అంటే సీ10లో 100 రాసున్నది సీ20లో 100 రాసున్నదాని కంటే నిజంగా పెద్దది. ధర పోల్చేటప్పుడు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి మోసపోకండి.

ఛార్జింగ్ ఎక్కడ్నుంచి

ఇదే అసలు ప్రశ్న. మీ పద్ధతి ఏంటో నిజాయితీగా చెప్పుకోండి. ఆదివారం పొద్దున బోటు దగ్గరికి పోయి, సాయంత్రం సగం ఖాళీ అయిన బ్యాటరీని అట్లనే వదిలేసి ఇంటికొచ్చి, మళ్లీ ఆదివారమో ఆ పై ఆదివారమో పోతారా? అయితే లెడ్ యాసిడ్ మీకు సరిపడదు. సగం ఛార్జ్‌లో నిలబెట్టిన ప్రతి రోజూ ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతూ ఉంటది, తర్వాత ఎంత ఛార్జ్ చేసినా అది కరగదు, కెపాసిటీ అట్ల కొంచెం కొంచెం తగ్గుకుంటూ పోతది. లెడ్‌కి కావాల్సింది వాడిన రోజే, కాకుంటే మర్నాడు, పూర్తిగా నింపడం. ఎనభై శాతం దాకా తొందరగానే ఎక్కుతది, ఆ చివరి ఇరవై శాతానికే మూడు నాలుగు గంటలు తీస్కుంటది, ఎంత పెద్ద ఛార్జర్ పెట్టినా ఆ టైము తగ్గదు. ఇంజిన్ గంటసేపు తిప్పేసి నిండిందిలే అనుకునేవాళ్ల బ్యాటరీలు పోయేది ఇందుకే.

కాబట్టి దారులు ఇవి. బోటు మీద సోలార్ ప్యానెల్ పెట్టగలిగితే లెడ్ హాయిగా బతుకుతది, వారమంతా అదే నిదానంగా నింపుకుంటది. జెట్టీ దగ్గర కరెంటు పాయింట్ ఉండి రాత్రంతా ఛార్జర్ పెట్టనిస్తే ఇంకా మంచిది. ఈ రెండూ లేక బ్యాటరీని మోసుకుని ఇంటికి తెచ్చుకోవాలి అంటే బరువు చూస్కోండి: 100 ఏహెచ్ లెడ్ 28, 30 కిలోలు, అదే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ 11, 12 కిలోలు. జెట్టీ నుంచి పార్కింగ్ దాకా, మళ్లీ అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ పనిచేయని రోజున మూడో అంతస్తు దాకా మోసేటోళ్లు మీరే. పైగా లిథియం సగంలో వదిలేసినా ఏమనదు, నిజానికి దానికి అదే ఇష్టం.

ఏ రకం

కారు బ్యాటరీ వద్దు. దాని ప్లేట్లు పల్చన, రెండు సెకన్లు సెల్ఫ్ కొట్టడానికి చేసినవి, మోటార్‌కి గంటలకొద్దీ లాగితే కొన్ని నెలల్లో పోతది. ఇంట్లో ఇన్వర్టర్‌కి పెట్టే పొడుగు ట్యూబులార్ కూడా వద్దు, అది మొండిదే, ఇంట్లో ఏళ్లకేళ్లు వస్తది, ఒప్పుకుంటా, కానీ 150 ఏహెచ్‌ది 50 కిలోలు దాటుతది, పొడుగ్గా ఉంటది, బోటు ఒక పక్కకి ఒరిగిందంటే మూతల్లోంచి యాసిడ్ కారి కింద పడతది. సముద్రం బోటులో అయితే ఉప్పునీళ్లు బ్యాటరీ లోపలికి పోతే క్లోరిన్ గ్యాస్ పుడతది, మూసిన క్యాబిన్‌లో అది ప్రాణం మీదికి తెచ్చే సంగతి.

ఏజీఎం అంటే సీల్ చేసిన లెడ్, యాసిడ్ గాజు పీచులో ఇంకిపోయి ఉంటది, ఒరిగినా కారదు, నీళ్లు పోసే పని లేదు, కరెంటు కూడా నీళ్లదాని కంటే తొందరగా తీస్కుంటది. ఆఫీసు యూపీఎస్‌లలో ఉండే ఎస్ఎంఎఫ్ బ్యాటరీలు కూడా ఈ జాతివే, కాకపోతే అవి ఎప్పుడో కరెంటు పోయినప్పుడు పనిచేయడానికి చేసినవి, రోజూ దించి ఎక్కించడానికి కాదు, షాపులో డీప్ సైకిల్ అని గట్టిగా అడిగి డేటా షీట్‌లో 50 శాతానికి ఎన్ని సైకిళ్లు (అంటే సగం దాకా దించి మళ్లీ నింపడం ఎన్నిసార్లు) రాశారో చూడండి. సంఖ్య చూపించలేకపోతే లేచి పక్క షాపుకి పోండి. ఈ-రిక్షా బ్యాటరీలు చవక, ప్లేట్లు మందంగానే ఉంటాయి, నీళ్లు చూసుకునే ఓపిక ఉండి, గాలి తగిలే చోట పెట్టగలిగి, సాగర్‌లో నిదానంగా తిరిగేవాళ్లకి పనికొస్తాయి, సముద్రానికి వద్దు.

నా ఓటు మాత్రం లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌కి, సంక్షిప్తంగా ఎల్ఎఫ్‌పీ. 100 ఏహెచ్‌లో 80, 90 వాడుకోవచ్చు, 50 ఆంపియర్లు లాగినా కెపాసిటీ పెద్దగా పడిపోదు. అంటే ఇందాక లెడ్‌లో అరగంట వచ్చిన చోట ఇది గంటన్నర దాటుతది. కానీ కొనేటప్పుడు మూడు సంగతులు చూడాలి. ఒకటి, కెమిస్ట్రీ. లిథియం అనగానే అన్నీ ఒకటి కాదు. లేబుల్ మీద 12.8 వోల్టులు ఉంటే 3.2 వోల్టుల సెల్లు నాలుగు, అది ఎల్ఎఫ్‌పీ. 11.1 అనో ఫుల్ ఛార్జ్ 12.6 అనో రాసుంటే అది వేరే జాతి, మంటంటుకుంటే ఆపడం చాలా కష్టం, బోటులోకి రానివ్వకండి. రెండు, లోపలి బీఎంఎస్ (సెల్లని కాపాడే ఎలక్ట్రానిక్ బోర్డు) నిలకడగా ఎన్ని ఆంపియర్లు ఇస్తది. మోటార్ 50 లాగితే బీఎంఎస్ కనీసం 80, వీలైతే 100ది తీస్కోండి, వీధి దీపాల కోసం చేసిన ప్యాక్‌లలో 30 ఆంపియర్లవి పెట్టి అమ్ముతారు, మోటార్ స్పీడ్ పెంచగానే టక్కున ఆగిపోతది. మూడు, పాత ఫోన్ల, పాత ఈవీల సెల్లు కలిపి కట్టిన ప్యాక్ కాదని బిల్లు మీద రాయించుకోండి.

లిథియం ఖరీదు ఎక్కువే, లెడ్‌కి రెండు మూడు రెట్లు పడొచ్చు. వాడుకునే ఏహెచ్‌లతో, ఏళ్లతో భాగించి చూస్తే తేడా తగ్గుతది. మన దగ్గర బ్యాటరీలు కొత్తేం కాదు, హెచ్‌బీఎల్ ఈ ఊరిదే, అమర రాజా వాళ్లు మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో లిథియం ఫ్యాక్టరీకి 2023లో పునాది వేశారు, ధరలు ఇంకా దిగుతాయని నా ఆశ.

షాపులో

రాణిగంజ్ పోండి, లేదా చిన్న సరుకులు, మీటర్లు, ఫ్యూజులు కావాలంటే కోఠి గుజరాతీ గల్లీ. షాపాయన అడిగే మొదటి మాట "ఏ బండికన్నా?"

"బండికి కాదన్నా, పడవకి."

"పడవనా? గోదావరిలనా?"

"ట్యాంక్‌బండ్‌ల."

ఒకసారి ఎగాదిగా చూసి, "అయితే ఇన్వర్టర్‌ది తీస్కపో అన్నా, అయిదేండ్లు చూడక్కర్లే" అంటడు. ఆయన తప్పేం లేదు, రోజంతా అమ్మేది అదే. మీరు మీ కాగితం తీసి ఎన్ని ఆంపియర్లు, ఎన్ని గంటలు, ఎంత పొడుగు వెడల్పు ఎత్తు అని చెప్పండి. బోటులో బ్యాటరీ కూర్చునే చోటు కొలతలు ముందే రాస్కోండి, ప్లస్ ఏ వైపు రావాలో కూడా, లేకుంటే వైర్లు అందవు.

డబ్బులిచ్చే ముందు తయారీ నెల చూడండి, లెడ్ అయితే ఆరు నెలలకి మించి షాపులో కూర్చున్నది వద్దు. మీ మీటర్ మీరే తీస్కుపోయి అక్కడే చూడండి, సీల్డ్ లెడ్ 12.5 కంటే తక్కువ చూపిస్తే ఇంకోటి తీయమనండి, మొహమాటపడితే మనకే నష్టం. వారంటీ కార్డు మీద స్టాంపు, బిల్లు మీద సీరియల్ నంబర్ ఉండాలి. బోటులో వాడితే వారంటీ వర్తిస్తదా అని అక్కడే అడగండి, కారు బ్యాటరీలకి చాలా కంపెనీలు బండిలో తప్ప ఇంకెక్కడ వాడినా ఒప్పుకోవు. పాతది తీస్కుపోతే ఎక్స్ఛేంజ్‌లో బరువుని బట్టి కొంత తగ్గిస్తారు, అందులో సీసం ఉంది మరి.

బిగించడం

బరువు కిందికి, మధ్యకి ఉండాలి, ఒక పక్కకి పెడితే బోటు ఆ పక్కకే ఒరుగుతది. డబ్బాలో పెట్టి గట్టి బెల్టుతో కట్టండి, బోటు పూర్తిగా పక్కకి పడ్డా బ్యాటరీ అంగుళం కూడా కదలొద్దు. నీళ్ల బ్యాటరీ అయితే డబ్బా పైన గాలి పోయే దారి ఉంచండి, ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తది, గాలిలో అది 4 శాతం చేరితే నిప్పురవ్వ చాలు.

ప్లస్ వైరు మీద ఫ్యూజ్, అది కూడా బ్యాటరీకి జానెడు దూరంలోపే. ఫ్యూజ్ వైరుని కాపాడడానికి పెడతాం కాబట్టి బ్యాటరీకీ ఫ్యూజుకీ మధ్య వైరు ఎంత చిన్నగా ఉంటే అంత మంచిది. ఎల్ఎఫ్‌పీ షార్ట్ అయితే వదిలే కరెంటు చాలా ఎక్కువ, దానికి మామూలు కారు ఫ్యూజ్ చాలదు, క్లాస్ టీ ఫ్యూజ్ వాడండి. ఇంట్లో మిగిలిన 2.5 స్క్వేర్ ఎంఎం వైరుతో మోటార్ కనెక్షన్ ఇచ్చే తెలివి మాత్రం చూపించకండి. మోటార్ మూడు మీటర్ల దూరంలో ఉండి 50 ఆంపియర్లు లాగితే ఆ వైరులో రెండు వోల్టులు రాలిపోయి వైరు కాలుతది. అదే 16 స్క్వేర్ ఎంఎం వేస్తే పోయేది మూడో వంతు వోల్టే, 25 వేస్తే ఇంకా నయం. సముద్రం బోటుకి తగరం పూత ఉన్న రాగి వైరు.

తీసేటప్పుడు ముందు మైనస్, పెట్టేటప్పుడు చివర్న మైనస్. చేతి ఉంగరం, వాచీ, కడియం తీసి జేబులో వేస్కోండి, స్పానర్ పిడికి టేపు చుట్టండి. బిగించాక టెర్మినల్ మీద వ్యాసిలిన్ పల్చగా రాయండి, బిగించక ముందు కాదు. మెయిన్ స్విచ్ ఒకటి పెట్టండి, బిల్జ్ పంప్‌కి మాత్రం ఆ స్విచ్ దాటేసి వేరే ఫ్యూజుతో నేరుగా లైన్ ఇవ్వండి, మీరు ఇంట్లో ఉన్నప్పుడు వాన దంచికొడితే బోటుని కాపాడేది అదే.

ఛార్జ్ చేయడం

ఛార్జర్ ఎంత పెద్దది ఉండాలంటే నీళ్ల బ్యాటరీకి ఏహెచ్‌లో పదో వంతు, అంటే 100కి 10 ఆంపియర్లు. ఏజీఎం 20, 25 దాకా తీస్కుంటది. ఎల్ఎఫ్‌పీకి 20 నుంచి 50 మధ్య ఏదైనా పర్లేదు, తొందర లేకుంటే 20 చాలు. సగం ఖాళీ అయిన 100 ఏహెచ్ లెడ్‌ని 10 ఆంపియర్ల ఛార్జర్ మీద పెడితే రాత్రి పెట్టి పొద్దున తీయడమే.

వోల్టేజ్‌లు బ్యాటరీ మీద రాసినవే ఫైనల్, రాయకపోతే ఈ లెక్క: నీళ్లది 14.4 నుంచి 14.8, ఏజీఎం 14.4 నుంచి 14.7, జెల్ (యాసిడ్ గుజ్జులా ఉండే సీల్డ్ లెడ్) 14.1 చుట్టుపక్కల, అంతకంటే ఎక్కిస్తే జెల్‌లో బుడగలు పుట్టి మళ్లీ పోవు. నిండాక మూడింటికీ ఫ్లోట్, అంటే నిండుగా ఉంచడానికి ఇచ్చే తక్కువ వోల్టేజ్, 13.5 దగ్గర. ఎల్ఎఫ్‌పీ 14.2 నుంచి 14.4, నిండాక ఛార్జర్ ఆగిపోతే సరి, ఫ్లోట్ అక్కర్లేదు.

ఈ అంకెలు 25 డిగ్రీల దగ్గర రాసినవి, మన మే నెల గురించి కాదు. లెడ్‌కి ఒక్కో డిగ్రీ పెరిగితే ఛార్జింగ్ వోల్టేజ్ దాదాపు 0.02 వోల్టు తగ్గించాలి. మూసిన బోటు లోపల 40 డిగ్రీలు అంటే 0.3 తగ్గాలి, 14.7 కాస్తా 14.4 అవ్వాలి. తగ్గించకపోతే నీళ్ల బ్యాటరీ నీళ్లు ఎగిరిపోతాయి, ఏజీఎం పొట్ట ఉబ్బుతది, ఉబ్బినదానికి మందు లేదు. టెంపరేచర్ ప్రోబ్ ఉన్న ఛార్జర్ తీస్కుని ఆ ప్రోబ్‌ని బ్యాటరీకి అంటించండి, గోడకి కాదు. డిసెంబర్ రాత్రుల్లో 15 డిగ్రీలకి పడితే అదే ప్రోబ్ వోల్టేజ్ కొంచెం పెంచుతది. ఎల్ఎఫ్‌పీకి ఈ సర్దుబాటు వద్దు, ఆ సెట్టింగ్ ఆపేయాలి. దానికి వేడితో వేరే పేచీ ఉంది, కొన్ని ప్యాక్‌ల మీద 45 డిగ్రీలు దాటితే ఛార్జ్ చేయొద్దని రాసుంటది, అందుకే ఎండాకాలం మిట్టమధ్యాహ్నం వద్దు, చల్లబడ్డాక పెట్టుకోండి.

లెడ్ నిండిందని ఎట్ల తెలుస్తది అంటే ఛార్జర్ పచ్చ లైటు చూసి కాదు. వోల్టేజ్ 14.4 దగ్గర నిలబడి ఉన్నప్పుడు క్లాంప్ మీటర్‌తో కరెంటు చూడండి, 100 ఏహెచ్‌కి ఒకటి రెండు ఆంపియర్లకి పడిపోతే నిండినట్టు. ఇంకా అయిదారు పోతుంటే, ఛార్జర్ ఏం చెప్పినా సరే, ఇంకా ఆకలితోనే ఉంది.

అందరూ అడిగే ప్రశ్న, ఇంట్లో ఇన్వర్టర్‌కి తగిలించి ఛార్జ్ చేయొచ్చా. నీళ్ల బ్యాటరీ, అది కూడా ఇన్వర్టర్‌కి సరిపోయే సైజుదైతే చేయొచ్చు. కానీ 150 ఏహెచ్ కోసం సెట్ చేసిన ఇన్వర్టర్ 15 ఆంపియర్లు తోస్తది, మీ 40 ఏహెచ్ బ్యాటరీకి అది చాలా ఎక్కువ. ఏజీఎం, జెల్ అయితే ఇన్వర్టర్‌లో ఆ మోడ్ ఉందో చూడండి, ఎల్ఎఫ్‌పీ అయితే లిథియం మోడ్ లేకుండా వద్దే వద్దు. ఇంటి బ్యాటరీ, బోటు బ్యాటరీ రెండూ ఒకేసారి ప్యారలల్‌లో కలిపి పెట్టకండి, ఒకదాని కరెంటు ఇంకోదానికి పరుగెత్తి వైర్లు వేడెక్కుతాయి. రోడ్డు మీద కారు బ్యాటరీలు ఛార్జ్ చేసే షెడ్డుల్లో ఉండే పాత ట్రాన్స్‌ఫార్మర్ ఛార్జర్ ఎక్కడా ఆగదు, తోస్తనే ఉంటది, నీళ్లదానికి పక్కన మనిషి ఉంటే పర్లేదు, సీల్డ్, లిథియం అక్కడ ఇవ్వొద్దు.

సోలార్ పెట్టేవాళ్లకి: 100 వాట్ల ప్యానెల్ మంచి ఎండలో రోజుకి 25, 30 ఏహెచ్ ఇస్తది, జూలై మబ్బుల్లో అందులో సగం కూడా అనుమానమే. తెరచాప కట్టే దూలం నీడ ప్యానెల్ మీద గీతలా పడ్డా చాలు, కరెంటు సగానికి పైగా పడిపోవచ్చు, అందుకే బోటు కట్టేసినప్పుడు దూలాన్ని పక్కకి లాగి కట్టండి. పావురాల రెట్టలు ఎట్లాగూ తుడవాలి. ప్యానెల్‌కీ బ్యాటరీకీ మధ్య పెట్టే ఛార్జ్ కంట్రోలర్‌కి మొదట బ్యాటరీ కలపండి, తర్వాతే ప్యానెల్, తీసేటప్పుడు ముందు ప్యానెల్. కంట్రోలర్‌లో బ్యాటరీ రకం సెట్ చేయడం మర్చిపోకండి, మీ బ్యాటరీకి సరిపడే సెట్టింగ్‌తోనే అది వస్తదని లేదు.

ఇంజిన్ ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించేది) ఉన్న బోటులో ఎల్ఎఫ్‌పీ పెడితే మధ్యలో కరెంటుని అదుపులో ఉంచే డీసీ టు డీసీ ఛార్జర్ తప్పనిసరి. ఎల్ఎఫ్‌పీ ఇచ్చినంతా తాగుతది, ఆల్టర్నేటర్ ఆగకుండా ఫుల్‌లో నడిచి కాలిపోతది, లేదా మధ్యలో బీఎంఎస్ ఉన్నట్టుండి ఆఫ్ అయితే వోల్టేజ్ ఎగిరి డయోడ్లు పోతాయి.

తర్వాత చూస్కోవాల్సినవి

నీళ్ల బ్యాటరీలో నీళ్లు ఛార్జ్ అయ్యాకే పోయాలి, ముందు పోస్తే ఛార్జింగ్‌లో పొంగి బయటికొస్తది, ప్లేట్లు తేలి కనపడుతుంటే మాత్రం మునిగేంత పోసి అప్పుడు ఛార్జ్ పెట్టండి. డిస్టిల్డ్ వాటర్ తప్ప ఇంకేదీ వద్దు, ఆర్ఓ నీళ్లూ వద్దు, మినరల్ వాటర్ బాటిలూ వద్దు, యాసిడ్ అసలే వద్దు. యాసిడ్ ఒలికితే వంట సోడా చల్లండి, బుసబుసా పొంగడం ఆగాక నీళ్లతో కడగండి. కళ్లద్దాలు పెట్టుకునే చేయండి ఇదంతా.

ఎల్ఎఫ్‌పీలో మీటర్ పెట్టి ఎంత ఉందో చూడాలనుకుంటే కుదరదు, 13.2, 13.3 దగ్గర చాలాసేపు నిలబడి చివర్లో ఒక్కసారిగా కిందికి దూకుతది, అందుకని షంట్ (దాంట్లోంచి పోయే కరెంటుని కొలిచే ముక్క) ఉన్న బ్యాటరీ మానిటర్ పెట్టుకోండి, ఎంత వెళ్లింది ఎంత వచ్చింది లెక్కపెడుతుంది. ఎప్పుడైనా మీటర్ సున్నా చూపిస్తే కంగారుపడి షాపుకి పరుగెత్తకండి, బీఎంఎస్ ఆపేసుంటది, లోడ్ అంతా తీసేసి లిథియం ఛార్జర్ పెడితే చాలాసార్లు లేస్తది. నెలల తరబడి బోటు జోలికి పోకపోతే లెడ్‌ని ఫుల్‌గా నింపి సోలార్ మీద వదలండి, ఎల్ఎఫ్‌పీని సగం దగ్గర ఉంచి వైర్లు పీకేసి ఇంట్లో చల్లటి చోట పెట్టుకోండి.

పాత లెడ్ బ్యాటరీలో యాసిడ్ పారబోసి బరువు తగ్గించుకుని ఇచ్చేద్దాం అనుకునేవాళ్లున్నారు, అది చెరువులోకో మోరీలోకో పోతది, అట్లనే మొత్తంగా కొత్తది కొన్న షాపుకే ఇచ్చేయండి, 2022 బ్యాటరీ వ్యర్థాల రూల్స్ ప్రకారం వాడేసిన వాటిని వెనక్కి తీసుకుని రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదార్లదే. పాత లిథియం ప్యాక్ అయితే రెండు టెర్మినల్స్‌కీ టేపు చుట్టి, గల్లీలో పాత ఇనుము కొనేటాయనకి కాకుండా ఈ-వేస్ట్ తీస్కునేవాళ్లకి ఇవ్వండి, ఇచ్చేదాకా బాల్కనీలో ఎండ తగిలే చోట మాత్రం పెట్టకండి.